నీటి వాడకంలో సుస్థిరత: కొలిచే సూచికలు

ఒక ప్రాంతంలో నీటి వాడకం ఇప్పటిలాగే ఎంతకాలం సాగగలదో అంకెల్లో చెప్పే కొలతలకు నీటి సుస్థిరత సూచికలని పేరు. దాదాపు అన్నీ భిన్నాలే. పైన వాడకం, కింద లభ్యత. లవం పెరిగినా, హారం తగ్గినా ముప్పు దగ్గరపడిందని లెక్క. చూడటానికి ఐదో తరగతి పాఠం. చిక్కంతా ఆ రెండు రాశులు ఎక్కడి నుంచి వచ్చాయన్న దగ్గరే ఉంది. నదిలో ఏడాదికి ఎన్ని నీళ్ళు పారాయో ఆనకట్ట దగ్గర కొలవవచ్చు. నేలలోకి ఎన్ని ఇంకాయో ఎవరూ నేరుగా కొలవలేరు. కాలువకు వదిలిన నీటికి రిజిస్టరు ఉంటుంది. మీటరు లేని బోరు రాత్రంతా పోసిన నీటికి ఉండదు. అందువల్ల ఈ సూచికల్ని పరిచయం చేయడమంటే వాటి పేర్లు, సూత్రాలు చెప్పడంతో అయిపోదు. ప్రతి శాతం వెనుకా కొలిచినది ఎంత, ఊహించినది ఎంత అన్నది కూడా చెప్పాలి.

తలసరి లభ్యత

అన్నిటికన్నా పేరుపడిన సూచిక స్వీడన్ జలశాస్త్రవేత్త మాలిన్ ఫాల్కెన్‌మార్క్‌ది. ఆఫ్రికా దేశాల నీటి కొరత మీద 1989లో రాసిన వ్యాసంలో ఆమె అడిగిన ప్రశ్న మనం ఇప్పుడు చెప్పుకునే తీరుకు తిరగేసినట్టు ఉంటుంది. ఏటా వచ్చే ప్రతి పది లక్షల ఘనపు మీటర్ల నీటి మీద ఎంతమంది ఆధారపడి ఉన్నారు అన్నది ఆ ప్రశ్న. ఆ సంఖ్య 600 దాటితే ఒత్తిడి మొదలవుతుంది, 1,000 దాటితే కొరత, 2,000 దాటితే తీవ్ర కొరత. దీన్నే తిప్పి మనిషి వైపు నుంచి చెబితే ఏడాదికి సుమారు 1,700, 1,000, 500 ఘనపు మీటర్లనే మెట్లు వస్తాయి. పత్రికల్లో కనిపించేవి ఇవే.

భారతదేశ నదుల సగటు వార్షిక ప్రవాహాన్ని చాలాకాలం 1,869 శతకోటి ఘనపు మీటర్లుగా లెక్కించారు. 2001 జనాభాతో భాగిస్తే తలకు 1,816 ఘనపు మీటర్లు, 2011 జనాభాతో భాగిస్తే 1,545. అంటే ఆ పదేళ్ళలో దేశం 1,700 గీత దాటి ఒత్తిడిలోకి దిగింది. ఈ మార్పులో వానదేవుడి ప్రమేయం ఏమీ లేదని గమనించాలి. హారంలో మనుషులు పెరిగారు, అంతే. 2019లో కేంద్ర జల సంఘం కొత్త పద్ధతిలో లెక్కవేసి ప్రవాహాన్ని 1,999 శతకోటి ఘనపు మీటర్లుగా తేల్చింది. నదుల్లోకి అదనంగా ఒక్క చుక్క రాకుండానే తలసరి వాటా ఆ మేరకు పెరిగింది.

తలసరి లెక్క సులువైనది, అందుకే బతికింది. కానీ బ్రహ్మపుత్ర లోయలో తలకు పదివేల ఘనపు మీటర్లు దాటే లభ్యతను, గుజరాత్ సబర్మతిలో ఐదు వందలకు అందని లభ్యతను కలిపి సగటు తీస్తే వచ్చే అంకెతో ఏ ఊరికీ పని లేదు. మరో లోటు ఇంకా పెద్దది. ఇది వాడకాన్ని అసలు అడగదు. ఉన్న నీళ్ళను జాగ్రత్తగా వాడే సమాజానికీ పారబోసే సమాజానికీ ఒకే మార్కు వేస్తుంది.

తీసుకున్నది ఎంత, మిగిలింది ఎంత

వాడకాన్ని లవంలోకి తెచ్చిన సూచికల్లో ప్రస్తుతం అంతర్జాతీయ ప్రమాణంగా చలామణి అవుతున్నది ఐక్యరాజ్యసమితి సుస్థిర అభివృద్ధి లక్ష్యాల్లోని 6.4.2. నదులు, చెరువులు, బావుల నుంచి ఏడాదికి తీసుకున్న మంచినీటిని, ఏటా తిరిగి నిండే నీటి వనరులతో భాగించి శాతంగా చెబుతారు. అయితే హారంలోంచి ముందుగా ఒక భాగం తీసిపెడతారు. నది నదిగా ఉండటానికి అందులో పారాల్సిన నీరు అది, పర్యావరణ ప్రవాహం. నదికి కూడా వాటా ఉందని ఒప్పుకున్న లెక్క కావడమే ఈ సూచికలో నాకు కనిపించే గొప్పతనం. 25 శాతం దాకా ఒత్తిడి లేనట్టు, 50 దాకా తక్కువ, 75 దాకా మధ్యస్థం, 100 దాకా ఎక్కువ, ఆపైన ప్రమాదకరం. దీని నిర్వహణ ఆహార, వ్యవసాయ సంస్థది. అంకెలు ఆ సంస్థ నడిపే ఆక్వాస్టాట్ భాండారంలో ఉంటాయి.

ప్రపంచం మొత్తానికి ఈ సూచిక సుమారు 18 శాతం. భూగోళానికి నీటి ఒత్తిడే లేదన్నమాట! అమెజాన్‌లో ఎవరూ వాడుకోలేని మహాప్రవాహం కూడా ఆ హారంలో కలిసి ఉంది కనుక అంత తక్కువ కనిపిస్తుంది. తిరిగి నిండే వనరులు దాదాపు లేని కువైట్‌లో ఇది వేల శాతానికి పోతుంది. భారతదేశానికి సుమారు 66, అంటే మధ్యస్థం. ఒకే దేశంలో పంజాబ్ బోర్లనూ మేఘాలయ వాగులనూ కలిపి మధ్యస్థం అనడంలో ఎంత నిజముందో చెప్పనక్కరలేదు. నీటి లెక్కకు దేశ సరిహద్దు సరైన గిన్నె కాదు. నదీ పరీవాహకం, భూగర్భ జలాలకైతే అంతకన్నా చిన్న వాటర్‌షెడ్ సరైన గిన్నె. ఆహార, వ్యవసాయ సంస్థ కూడా ఈ సూచికను పరీవాహకాల వారీగా విడగొట్టి చూడమని సలహా ఇస్తోంది.

దీనికి తోడు లక్ష్యాల పట్టికలో 6.4.1 అనే మరో సూచిక ఉంది. ఒక్కో ఘనపు మీటరు నీటికి ఆర్థిక వ్యవస్థలో ఎన్ని డాలర్ల విలువ పుట్టిందో చెబుతుంది. నీటిని చేను నుంచి ఫ్యాక్టరీకి మళ్ళిస్తే ఇది వెంటనే పెరుగుతుంది. ఆ పెరుగుదలలో రైతు నేర్పూ లేదు, నదికి మేలూ లేదు. దీన్ని సుస్థిరతకు కొలతగా వాడటం పొరపాటని నా అభిప్రాయం.

తీసుకున్న నీరు, ఖర్చయిన నీరు

నీటి గణాంకాల్లో ఎక్కువ తప్పులు ఈ రెండు మాటల తేడా తెలియక జరుగుతాయి. డెల్టాలో ఎగువ మడి నుంచి జారిన నీరు మురుగు కాలువలో కలిసి దిగువ ఊరి చేలకు చేరుతుంది. ఎగువ రైతు తీసుకున్నదీ, దిగువ రైతు తీసుకున్నదీ కూడితే ఒకే నీటిని రెండుసార్లు లెక్కపెట్టినట్టు. ఆవిరై పైకి పోయినది, పంటలో కలిసి ఊరు దాటినది, సముద్రంలోకి పోయినది మాత్రమే నిజంగా ఖర్చు. యూరప్ పర్యావరణ సంస్థ తన నీటి వాడక సూచికలో తిరిగి నదికి చేరే నీటిని మినహాయించడం మొదలుపెట్టింది ఇందుకే. మన దగ్గర ఆ పని అంతకు చాలాముందే జరిగింది. కృష్ణా జలాలను పంచిన బచావత్ ట్రిబ్యునల్ 2,060 టీఎంసీల (శతకోటి ఘనపు అడుగుల) ప్రవాహానికి, చేలకు పారి మళ్ళీ నదిలోకి ఊరే పునరుత్పత్తి జలాల కింద 70 టీఎంసీలు కలిపింది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ వాటా 800 నుంచి 811కి పెరిగింది ఆ లెక్కలోనే.

బిందు సేద్యం మీద నడుస్తున్న వాదం కూడా ఈ తేడా చుట్టూ తిరిగేదే. డ్రిప్పు పెట్టిన తోటలో ఎకరానికి పారించే నీరు తగ్గుతుంది, సందేహం లేదు. అంతకుముందు కాలువల్లో ఇంకిన నీరు మాత్రం వృథా పోలేదు. పక్క చేను బోరుకు అదే ఊట. మిగిలిన నీటితో ఇంకో రెండెకరాలు సాగు చేస్తే ఆవిరయ్యేది పెరుగుతుంది తప్ప తగ్గదు. క్వెంటిన్ గ్రాఫ్టన్, సహచరులు 2018లో సైన్స్ పత్రికలో దీన్నే సేద్యపు సామర్థ్యంలోని వైరుధ్యంగా చూపించారు. అలాగని డ్రిప్పు పనికిరాదని కాదు. పొలం గట్టు మీద నిలబడి కొలిచిన పొదుపును పరీవాహకం మొత్తానికి పొదుపుగా రాయకూడదని మాత్రమే.

నీటి అడుగుజాడ అనే సూచిక ఖర్చయిన నీటినే వస్తువుకు అంటగడుతుంది. బ్రిటన్ భూగోళ శాస్త్రవేత్త టోనీ అలన్ ఆహారంతో పాటు దాన్ని పండించిన నీరు కూడా దేశాలు దాటుతోందని గుర్తించి దాన్ని అదృశ్య జలం అన్నాడు. ఆ పనికే 2008లో స్టాక్‌హోమ్ జల పురస్కారం వచ్చింది. నెదర్లాండ్స్‌కు చెందిన ఆర్యెన్ హుక్‌స్ట్రా 2002లో ఆ ఆలోచనను లెక్కగా మలచాడు. నేలలో పదునుగా నిలిచి పంటకు అందే వాన నీరు ఆకుపచ్చ, కాలువ నుంచో బోరు నుంచో పెట్టే నీరు నీలం, కలుషితాన్ని పలచన చేయడానికి కావలసిన నీరు బూడిద రంగు. కిలో బియ్యానికి ప్రపంచ సగటు సుమారు 2,500 లీటర్లు. ఈ అంకెను అందరూ ఉదహరిస్తారు కానీ రంగులు వదిలేస్తారు. కోనసీమలో గోదావరి కాలువ కింద పండిన కిలో బియ్యమూ, తెలంగాణ మెట్టలో బోరు కింద యాసంగిలో పండిన కిలో బియ్యమూ లీటర్లలో దగ్గరగానే ఉండవచ్చు. మొదటిది ఏటా నిండే నది నుంచి, రెండోది రాతిలోని కొద్దిపాటి ఊట నుంచి. వానకు పండే జొన్న, కంది ఎక్కువగా ఆకుపచ్చ నీటి మీదే బతుకుతాయి. ఈ సంగతి పదును చూసి విత్తనం వేసిన మన పెద్దలకు ఎవరూ చెప్పకుండానే తెలుసు.

సగటు ఎవరిది: కృష్ణా లెక్క

సుస్థిరతను గణాంకంగా చూడటానికి కృష్ణా నదిని మించిన పాఠం లేదు. నది ఏటా ఒకేలా పారదు. అటువంటప్పుడు ఈ నదిలో ఎన్ని నీళ్ళున్నాయి అన్న ప్రశ్నకు ఒక్క అంకెతో జవాబు ఎలా చెప్పాలి? 1969లో ఏర్పడి 1973లో నివేదిక ఇచ్చిన బచావత్ ట్రిబ్యునల్ 1894–95 నుంచి 1971–72 దాకా 78 సంవత్సరాల ప్రవాహాల్ని వరుసలో పేర్చి, నాలుగింట మూడు సంవత్సరాల్లో తప్పకుండా వచ్చే నీరు ఎంతో చూసింది. దీన్నే 75 శాతం విశ్వసనీయత అంటారు. అది 2,060 టీఎంసీలని తేలింది. ఆ పరిమితికి లోబడినవి నికర జలాలు, మించినవి మిగులు జలాలు. ఈ రెండు మాటలూ తెలుగు రాజకీయాల్లోకి, బహిరంగ సభల్లోకి, టీకొట్టు చర్చల్లోకి వచ్చింది అక్కడి నుంచే. గణాంకశాస్త్రంలోని ఒక శతాంశం ఇంతమంది సామాన్యుల నోట నానడం అరుదు.

జస్టిస్ బ్రిజేశ్ కుమార్ నేతృత్వంలోని రెండో ట్రిబ్యునల్ 2010 డిసెంబరులో ఇచ్చిన తీర్పులో గీత మార్చింది. 1961–62 నుంచి 2007–08 దాకా 47 సంవత్సరాల ప్రవాహాలు తీసుకుని, 65 శాతం విశ్వసనీయత దగ్గర 2,293 టీఎంసీలు, సగటున 2,578 టీఎంసీలు ఉన్నాయంది. 2013లో ఖరారు చేసిన వాటాలు మహారాష్ట్రకు 666, కర్ణాటకకు 907, ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌కు 1,005. కూడి చూడండి, సరిగ్గా 2,578 వస్తుంది. సగటు ప్రవాహం మొత్తం పంపకంలోకి వెళ్ళిపోయింది. 75 శాతం గీత మీద కట్టిన ప్రాజెక్టుకు నూరేళ్ళలో పాతికేళ్ళు లోటు ఉంటుంది. 65 మీద కడితే ముప్పై అయిదేళ్ళు. సగటు మీద ఆధారపడిన ఆయకట్టుకు లోటు ఏళ్ళు ఇంకా ఎక్కువ. ఆ లోటు నదికి అడ్డంగా ఉన్న ఆనకట్టల వరుసలో చిట్టచివరి వాళ్ళ మీదే ముందు పడుతుంది, అంటే దిగువన ఉన్న తెలుగు నేల మీద. సుప్రీంకోర్టు ఉత్తర్వుల వల్ల ఆ తీర్పు అమల్లోకి రాలేదు. రాష్ట్ర విభజన తర్వాత రెండు తెలుగు రాష్ట్రాల మధ్య పంపకం అదే ట్రిబ్యునల్ ముందుకు వచ్చింది.

నది చివరన ఏం జరిగిందో అంతర్జాతీయ నీటి యాజమాన్య సంస్థ పరిశోధకులు లెక్కగట్టారు. 1960కి ముందు కృష్ణా ఏటా సగటున సుమారు 57 ఘనపు కిలోమీటర్ల నీటిని, అంటే దాదాపు 2,000 టీఎంసీలను సముద్రానికి ఇచ్చేది. 2001 తర్వాతి కరువు సంవత్సరాల్లో దాదాపు ఏమీ ఇవ్వలేదు. ఇలా వచ్చిన నీరంతా ఎవరో ఒకరి వాటాలో ఖర్చయిపోయే స్థితిని మూసుకుపోయిన పరీవాహకం అంటున్నారు. సముద్రంలో వృథాగా కలుస్తున్న నీరు అనే మాట మనకు అలవాటైపోయింది. అవనిగడ్డ వైపు డెల్టా చివరి చేలల్లోకి ఉప్పు పైకి తన్నకుండా ఆపేది, మడ అడవులను, చేపలను బతికించేది ఆ కలిసే నీరే. 6.4.2 హారంలోంచి ముందుగా తీసిపెట్టమన్నది దాన్నే.

నేల కింది లెక్క

దేశంలో నీటి సుస్థిరత గురించి అత్యంత వివరంగా లభించే గణాంకాలు భూగర్భ జలాలవి. కేంద్ర భూగర్భ జల మండలి, రాష్ట్ర శాఖలు కలిసి మండలం, బ్లాకు స్థాయిలో అంచనా వేస్తాయి. 2022 నుంచి ఇది ఏటా జరుగుతోంది. సూచిక పేరు వినియోగ దశ. ఏడాదిలో తోడిన నీటిని, ఏడాదిలో తోడదగిన నీటితో భాగిస్తారు. 70 శాతం దాకా సురక్షితం, 90 దాకా పాక్షిక సంక్లిష్టం, 100 దాకా సంక్లిష్టం, ఆపైన మితిమీరిన వినియోగం. 2023 నివేదిక ప్రకారం దేశంలో భూగర్భంలోకి ఏటా చేరేది సుమారు 449 శతకోటి ఘనపు మీటర్లు, తోడదగినది 407, తోడినది 241. వినియోగ దశ 59 శాతం. 6,553 యూనిట్లలో 736 చోట్ల వాడకం హద్దు మీరింది. పంజాబ్‌లో అది 160 శాతం పైనే.

ఈ అంకెలు ఎలా పుడతాయి? చేరే నీటిని రెండు దారుల్లో లెక్కిస్తారు. ఒకటి, వానాకాలం ముందూ తర్వాతా పరిశీలక బావుల్లో నీటిమట్టం ఎంత పెరిగిందో చూసి, రాతిలోని ఖాళీల నిష్పత్తితో గుణించడం. రెండోది, కురిసిన వానలో ఇంత శాతం ఇంకుతుందని నేల రకాన్ని బట్టి ఒప్పుకోవడం. ఈ రెండు జవాబుల మధ్య తేడా 20 శాతం లోపు ఉంటే మొదటిది తీసుకుంటారు. మించితే రెండోదానికి దగ్గరగా సర్దుతారు. తెలంగాణ, రాయలసీమల కింద ఉన్న గ్రానైటు, నైసు రాళ్ళలో శిథిలమైన పొరకు నీరు వదిలే శక్తిని 1.5 నుంచి 3 శాతంగా తీసుకోమని నియమావళి. ఘనపు మీటరు రాతి నుంచి పదిహేను లీటర్లు వస్తాయా, ముప్పై వస్తాయా అన్నది ఇక్కడ తేలాలి. ఒకటిన్నర బదులు మూడు వేస్తే, మట్టం పెరుగుదల నుంచి లెక్కగట్టిన నీరు ఒక్కసారిగా రెట్టింపు.

లవం పరిస్థితి ఇంకా బలహీనం. బోర్ల సంఖ్యను ఒక్కో బోరు సీజన్‌లో సగటున తోడే నీటితో హెచ్చవేస్తారు. ఉచిత కరెంటు ఉన్న రాష్ట్రాల్లో మీటరు రీడింగు లేదు గనుక సగటు అనేది నమూనాల మీద ఆధారపడిన ఊహ. ఎండిన బోరు లెక్కలో బతికే ఉండవచ్చు; కొత్తగా వేసిన బోరు లెక్కలోకి రాకపోవచ్చు. రైతు తన బోరును అంగుళాల్లో చెబుతాడు. రెండంగుళాలు పడ్డాయి, ఇప్పుడు అంగుళంన్నరే పోస్తోంది అంటాడు. ఆ అంగుళంన్నర చాలా నిజాయితీ గల సమాచారం, కానీ అది ఏ నివేదికలోకీ ఎక్కదు.

ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర సగటు ఇటీవలి నివేదికల్లో 30 శాతం దరిదాపుల్లో ఉంది. చూస్తే నిశ్చింత కలుగుతుంది. అందులో కృష్ణా, గోదావరి డెల్టాల్లో కాలువల నుంచి, వరి మడుల నుంచి ఇంకే నీరు హారాన్ని పెంచుతుంది. అదే రాష్ట్రంలో అనంతపురం వైపు, ప్రకాశం వైపు మండలాలు హద్దు మీరిన జాబితాలో కనిపిస్తాయి. తెనాలి దగ్గర ఇంకిన నీటిని మడకశిర బోరు తోడలేదు. తెలంగాణలో వినియోగ దశ 2017లో దాదాపు 65 శాతం ఉండగా 2022కి దాదాపు 42కి దిగింది. ఈ ఐదేళ్ళలో వరుసగా మంచి వానలు పడ్డాయి, 2015లో మొదలైన మిషన్ కాకతీయలో వేల చెరువులు పూడిక తీసుకున్నాయి, ఎత్తిపోతల నీరు వచ్చింది. 2018 జనవరి నుంచి సేద్యానికి రోజంతా కరెంటు కూడా వచ్చింది. వీటిలో దేని వాటా ఎంతో ఆ ఒక్క శాతం చెప్పలేదు. వానలు మొహం చాటేసిన రెండేళ్ళ తర్వాత అదే అంకెను మళ్ళీ చూస్తేనే తెలుస్తుంది.

రాతి నేలల్లో ఈ సూచికకు మరో ప్రమాదకరమైన గుణం ఉంది. పంజాబ్ ఒండ్రు నేలలో వందల మీటర్ల లోతున నీరు దాచి ఉంది. ఏటా చేరినదానికన్నా ఎక్కువ తోడుతూ దశాబ్దాలు గడపవచ్చు, సూచిక 160 దగ్గర నిలబడి హెచ్చరిస్తూనే ఉంటుంది. గ్రానైటు కింద అంత నిల్వ లేదు. హద్దు మీరిన రెండు మూడేళ్ళకే బోర్లు ఎండుతాయి. ఎండిన బోరు తోడదు కాబట్టి లవం తగ్గుతుంది, శాతం మెరుగుపడుతుంది. అప్పులు చేసి వేసిన బోర్లు ఎండి రైతు కూలిపనికి వలసపోతే, కాగితం మీద ఆ మండలం సురక్షితానికి ఒక మెట్టు దగ్గరవుతుంది.

ఎండిన బావికి అంకె ఉండదు

తేజస్వి హోరా, వీణా శ్రీనివాసన్, నందితా బసు 2019లో ప్రచురించిన పరిశోధన ఈ విషయంలో తప్పనిసరిగా చదవాల్సినది. దక్షిణ భారతంలో భూగర్భ జలాలు కోలుకుంటున్నాయని ప్రభుత్వ బావుల లెక్కలు చూపిస్తుండగా, రైతులు మాత్రం బోర్లు ఇంకా లోతుకు పోతున్నాయంటున్నారు. ఈ ముగ్గురూ వెతికింది ఖాళీ గళ్ళ కోసం. పరిశీలక బావి ఎండిపోయినప్పుడు ఆ నెల గడి ఖాళీగా ఉంటుంది. విశ్లేషణ చేసేవారు రికార్డు సరిగా లేదని ఆ బావినే పక్కన పెడతారు. మిగిలేవి ఎప్పుడూ ఎండని బావులు. వాటి సగటు సహజంగానే చల్లగా కనిపిస్తుంది. వదిలేసిన బావుల్ని లెక్కలోకి తెస్తే కోలుకుంటున్న చిత్రం నిలబడలేదు. ఆసుపత్రి నుంచి నడిచి బయటకు వచ్చిన వారిని మాత్రమే అడిగి ఊరి ఆరోగ్యం రాసినట్టే ఇది. నీటి గణాంకాల్లో ఖాళీ గడి లోపం కాదు. చాలాసార్లు అదే అసలు వార్త.

బావుల మీద ఆధారపడని కొలత ఆకాశం నుంచి వచ్చింది. 2002లో ప్రయోగించిన గ్రేస్ జంట ఉపగ్రహాలు ఒకదాని వెనుక ఒకటి సుమారు 220 కిలోమీటర్ల దూరంలో తిరుగుతూ, ఆ దూరంలో వచ్చే అతి సూక్ష్మ మార్పుల నుంచి కింద భూమి ఆకర్షణ ఎంత మారిందో, తద్వారా నీటి బరువు ఎంత మారిందో పట్టేవి. మాథ్యూ రొడెల్, ఇసబెల్లా వెలికోగ్నా, జేమ్స్ ఫామిలియెట్టి 2009లో నేచర్ పత్రికలో చెప్పిన అంకె ప్రపంచాన్ని ఉలిక్కిపడేలా చేసింది. 2002 ఆగస్టు నుంచి 2008 అక్టోబరు వరకు రాజస్థాన్, పంజాబ్, హర్యానా ప్రాంతం 109 ఘనపు కిలోమీటర్ల భూగర్భ జలాన్ని పోగొట్టుకుంది. పనిచేసినన్నాళ్ళు పనిచేసి 2017లో గ్రేస్ ఆగాక, 2018లో దాని వారసులు కక్ష్యలోకి వెళ్ళాయి. వీటి చూపు వందల కిలోమీటర్ల వెడల్పుది. మండలం సంగతి, ఊరి సంగతి వాటికి కనబడవు.

కలిపి చెప్పే సూచికలు, ఖాతాలు

ఎన్నో కొలతల్ని కలిపి ఒకే మార్కుగా ఇచ్చే పద్ధతి పాలకులకు నచ్చుతుంది. కరోలిన్ సులివాన్ 2002లో రూపొందించిన నీటి పేదరిక సూచిక వనరు, అందుబాటు, సామర్థ్యం, వాడకం, పర్యావరణం అనే ఐదింటిని కలిపింది. మన నీతి ఆయోగ్ 2018లో సమగ్ర జల యాజమాన్య సూచికను విడుదల చేసింది. తొమ్మిది అంశాల కింద 28 సూచికలు. తొలిసారి గుజరాత్ మొదట, ఆంధ్రప్రదేశ్ మూడో స్థానంలో, 2019 నాటి రెండో నివేదికలో ఆంధ్రప్రదేశ్ రెండో స్థానంలో నిలిచాయి. ఇందులో నీటి స్థితితో పాటు చట్టాలు, విధానాలు, పనుల పురోగతి కూడా మార్కులు తెస్తాయి. మంచి పాలనకు మార్కు వేయడం తప్పు కాదు. దాన్ని నీటి సుస్థిరతకు మార్కుగా చదవడం తప్పు. 2018 నివేదికలోని మరో వాక్యం ఎక్కువ ప్రచారమైంది: 2020 నాటికి హైదరాబాద్ సహా 21 నగరాల్లో భూగర్భ జలాలు అయిపోతాయని. 2020 వచ్చి వెళ్ళింది, అలా జరగలేదు. ఆ జోస్యం 28 సూచికల్లో దేని నుంచీ వచ్చింది కాదు. నిజమైన ముప్పు గురించి చెప్పే తప్పుడు అంకె ఆ ముప్పునే పలచన చేస్తుంది.

ఇంతకన్నా నిదానమైన, గట్టి మార్గం నీటి ఖాతా. ఐక్యరాజ్యసమితి గణాంక విభాగం రూపొందించిన పర్యావరణ ఆర్థిక ఖాతాల పద్ధతిలో నీటికి ప్రత్యేక భాగం ఉంది. ఏడాది మొదట్లో నిల్వ, వచ్చినది, పోయినది, చివరి నిల్వ. ఎవరు ఎవరి నుంచి తీసుకుని ఎవరికి వదిలారు. కిరాణా కొట్టు చిట్టాలాగే రెండు వైపులా సరిపోవాలి, లేకపోతే ఎక్కడో తప్పు ఉందని తెలిసిపోతుంది. ఆస్ట్రేలియా తన 2007 నాటి జల చట్టం కింద వాతావరణ శాఖ చేత జాతీయ నీటి ఖాతా రాయిస్తోంది. భారత గణాంక మంత్రిత్వ శాఖ 2018 నుంచి ఎన్విస్టాట్స్ సంపుటాల్లో ఆ దారిలో అడుగులు వేసింది. 2023లో వెలువడిన తొలి జలాశయాల గణన దేశంలో 24,24,540 నీటి వనరుల్ని లెక్కించింది. చెరువుల సంఖ్యలో ఆంధ్రప్రదేశ్ మొదటిది. ఖాతాకు ఇటువంటి గణనే పునాది.

పరిమాణం చెప్పే ఏ సూచికా నాణ్యత చెప్పదు. 1937లో అప్పటి నెల్లూరు జిల్లాలో ఫ్లోరోసిస్ గురించి దేశంలో మొదటిసారి వైద్య పత్రికకు రాశారు. ఆ తర్వాత నల్గొండ పేరు ఆ జబ్బుకు మారుపేరయింది. తాగునీటిలో ఫ్లోరైడు లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటకూడదు. అది దాటిన బోరులో నీళ్ళు పుష్కలంగా ఉన్నా, వినియోగ దశ సురక్షితమని చెప్పినా, ఆ ఊరి పిల్లల ఎముకలకు ఆ అంకెలతో పని లేదు.

కొలిచే చెయ్యి

చెరువు కింద వ్యవసాయంలో నీరటి తూము దగ్గర నీటిని చూసి ఈసారి ఎంత నాటు వేయవచ్చో చెప్పేవాడు, ఊరు వినేది. బోరు వచ్చాక నీరు కంటికి కనబడకుండా పోయింది, ఎవరి చేను కింది నీరు వారిదయింది. ఆ కనబడని నీటిని మళ్ళీ ఊరందరికీ చూపించిన ప్రయత్నం 2000ల దశకంలో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో జరిగింది. దాని పేరు రైతుల భూగర్భ జల యాజమాన్య పథకం. ఆంగ్ల పొడి అక్షరాల్లో ఏపీఫామ్స్ అంటారు. నెదర్లాండ్స్ నిధులు, ఆహార, వ్యవసాయ సంస్థ తోడ్పాటు, నంద్యాల కేంద్రంగా ఒక స్వచ్ఛంద సంస్థ సమన్వయం. అనంతపురం, కడప, చిత్తూరు, కర్నూలు, ప్రకాశం, మహబూబ్‌నగర్, నల్గొండ జిల్లాల్లో 638 గ్రామాలు. ఆడా మగా రైతులు వానమాపకాన్ని రోజూ చూశారు, పదిహేను రోజులకోసారి పరిశీలక బావిలో మట్టం కొలిచారు, బోరు పోసే నీటిని డ్రమ్ముకు పట్టి గడియారంతో లెక్కించారు. ఆ అంకెలు ఊరి బోర్డు మీద అందరికీ కనబడేలా రాశారు.

వానాకాలం అయ్యాక, రబీ విత్తనానికి ముందు, వాటర్‌షెడ్ పరిధిలోని ఊళ్ళ రైతులు కూర్చుని పంటల నీటి బడ్జెట్ వేసేవారు. చేరిన నీరు ఇంత, తాగడానికి ఇంత పోను మిగిలేది ఇంత. అందరూ అనుకున్నట్టు వరి వేస్తే కావలసినది ఇంత. తేడా గోడ మీద కనబడేది. ఎవరినీ ఆపే అధికారం ఆ సమావేశానికి లేదు. 2002లో వచ్చిన నీరు, భూమి, చెట్ల చట్టం (వాల్టా) కింద అధికారులకు ఉన్న అధికారం కూడా వారికి లేదు. అయినా కొందరు వరి మానుకుని శనగ, సజ్జ వంటివి వేశారు. ప్రపంచ బ్యాంకు కోసం పథకాన్ని పరిశీలించిన నిపుణులు మూడేళ్ళ రికార్డు చూసి, 42 శాతం వాటర్‌షెడ్‌లలో రబీ తోడకం ఏటా తగ్గిందనీ, 51 శాతంలో అప్పుడప్పుడూ తగ్గిందనీ, 7 శాతంలోనే పెరిగిందనీ రాశారు. నిధులు ఆగిపోయాక చాలాచోట్ల కొలతలు సన్నగిల్లాయి. ఆ తర్వాత జరిగిన అధ్యయనాలు పథకం ప్రభావాన్ని తక్కువగానే అంచనా కట్టాయి.

ఆలోచన మాత్రం పోలేదు. మహారాష్ట్ర హివరే బజార్ గ్రామసభ వాన చూసి పంటలు నిర్ణయించుకునే పద్ధతిని కొనసాగిస్తోంది. 2019 డిసెంబరులో మొదలైన కేంద్ర అటల్ భూజల్ పథకం ఏడు రాష్ట్రాల్లో ఎనిమిది వేలకు పైగా పంచాయతీలను నీటి బడ్జెట్ వేసుకోమంది. ఆ ఏడింటిలో ఆంధ్రప్రదేశ్, తెలంగాణ లేవు. సొంత బోరు మట్టాన్ని తాడు వేసి కొలిచి గోడ మీద రాసిన రైతులు ఈ రెండు రాష్ట్రాల పాత కరువు జిల్లాల్లో ఇప్పటికీ ఉన్నారు. వారు రాసిన రిజిస్టర్లలో బావి ఎండిన నెలల్లో గడి ఖాళీగా వదల్లేదు, ఎండిందని రాసి పెట్టారు.